కత్తి పట్టని డ్యూక్: మిలాన్ ప్రభువు జాన్ గలెయాత్సో విస్కోంతి కథ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినబడుతోందా? మైకు కొంచెం కీచుమంటోంది, సర్దుకుందాం. ఈ నెల ఇటలీ గురించి చెప్పమన్నారు. మైకెలాంజెలో గురించో లియొనార్డో గురించో చెబుతాననుకుని వచ్చినవాళ్లుంటే ముందే క్షమించండి, నేను వాళ్లకంటే వందేళ్లు వెనక్కి వెళ్తున్నాను.

ఆల్ఫా రోమియో కారు ముందుభాగంలో ఉండే గుండ్రటి గుర్తు ఎప్పుడైనా గమనించారా? ఒక సగంలో ఎర్ర శిలువ, రెండో సగంలో కిరీటం పెట్టుకున్న పాము, ఆ పాము నోట్లో సగం లోపలికి పోయిన మనిషి. మా అమ్మాయి వాళ్లు మిలాన్‌లో ఉంటారు. రెండేళ్ల కిందట అక్కడ రెండు నెలలున్నప్పుడు చూశాను, ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ ఈ పామే, కోట గోడ మీద కూడా. అది విస్కోంతి అనే కుటుంబం గుర్తు. మధ్యయుగాల్లో మిలాన్‌ని ఏలింది వాళ్లే. పాము మనిషిని మింగట్లేదు, మనిషే పాములోంచి కొత్తగా పుట్టుకొస్తున్నాడు అనేవాళ్లూ ఉన్నారు. ఆ కుటుంబం చరిత్ర చదివాక నాకైతే మింగుతున్నట్టే కనిపిస్తోంది.

మన కథానాయకుడి పేరు జాన్ గలెయాత్సో. వాళ్ల నాన్న పేరూ గలెయాత్సోయే, కాబట్టి ఆయన్ని పెద్ద గలెయాత్సో అందాం, ఈయన్ని మన డ్యూక్ అందాం, సగం కథ దాకా ఈయనింకా డ్యూక్ కాకపోయినా సరే. ఆ రోజుల్లో ఇటలీ అనే దేశం లేదు. ఊరికో రాజ్యం, ఊరికో సైన్యం, పక్క ఊరితో పగ. ఉత్తరాన మిలాన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ విస్కోంతి అన్నదమ్ములవి. ముగ్గురన్నదమ్ముల్లో ఒకడు 1355లో చచ్చిపోయాడు, మిగతా ఇద్దరే వాణ్ణి చంపించారని గట్టి పుకారు. మిగిలిన ఇద్దరూ రాజ్యాన్ని పంచుకున్నారు. పెద్ద గలెయాత్సో పావియా ఊళ్లో బ్రహ్మాండమైన కోట కట్టుకుని అక్కడికి వెళ్లిపోయాడు. తమ్ముడు బెర్నబో మిలాన్‌లో ఉండిపోయాడు. పెద్ద గలెయాత్సో కొడుకే మన డ్యూక్, 1351లో పుట్టాడు.

పిల్లవాడికి తొమ్మిదేళ్లు కూడా నిండకుండా పెళ్లి చేశారు. ఆ పెళ్లి కథ కాస్త ఆగి చెప్పుకోవాలి. 1356లో ఫ్రాన్స్ రాజు జాన్ ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో పట్టుబడ్డాడు. విడిపించుకోవాలంటే 30 లక్షల బంగారు నాణేలు కట్టాలి, ఖజానాలో చిల్లిగవ్వ లేదు. ఎవరిస్తారా అని చూస్తుంటే పెద్ద గలెయాత్సో ముందుకొచ్చాడు. డబ్బు నేనిస్తాను, మీ అమ్మాయిని మా అబ్బాయికివ్వండి అన్నాడు. దాదాపు 6 లక్షల బంగారు నాణేలు పోసి ఫ్రాన్స్ రాకుమారి ఇజబెల్లాని 1360లో కోడలిగా తెచ్చుకున్నాడు. కన్యాశుల్కం అంటే ఇదీ! (నవ్వులు) నిన్న మొన్నటిదాకా ఊరి పెద్దలుగా ఉన్న కుటుంబం ఒక్క దెబ్బతో ఫ్రాన్స్ రాజుతో వియ్యమందుకుంది. పిల్లతో పాటు ఫ్రాన్సులో వెర్తూ అనే చిన్న ప్రాంతం కూడా వచ్చింది. ఇటాలియన్‌లో ఆ పేరుకి సద్గుణం అని అర్థం వస్తుంది, అందుకని మనవాణ్ణి చాలాకాలం సద్గుణాల ప్రభువు అనే పిలిచారు. మిగతా కథ విన్నాక ఆ బిరుదుకి మీరే నవ్వుకుంటారు.

ఇజబెల్లా 1372లో కాన్పులో పోయింది. మగపిల్లలు చిన్నప్పుడే పోయారు, వలెంతీనా అనే ఆడపిల్ల ఒక్కతే మిగిలింది. వలెంతీనా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ మరుసటి ఏడు, 1373లో, ఇరవై ఒక్కేళ్ల మనవాడు బ్రెషా దగ్గర మోంతికియారి అనేచోట సైన్యంతో వెళ్లి పోప్ తరఫు సేనలతో తలపడ్డాడు. అవతలి పక్క జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లీషు కిరాయి సేనాని ఉన్నాడు. మనవాడు గుర్రం మీంచి పడ్డాడు, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఎలాగో బయటపడ్డాడు. ఆ తర్వాత బతికున్న 29 ఏళ్లలో ఇంకెప్పుడూ సైన్యం ముందు నిలబడి యుద్ధం చెయ్యలేదు. నా లెక్కలో ఈ మనిషి జీవితానికి తాళంచెవి ఇక్కడే ఉంది. పిరికితనం అని కొట్టిపారేసినవాళ్లున్నారు గానీ నేనలా అనుకోను. యుద్ధం తనకి రాని విద్య అని ఒక్క దెబ్బకే తెలుసుకున్నాడు. వచ్చినవాళ్లకి జీతమిచ్చి చేయించుకుంటే పోలేదా అనుకున్నాడు. తను పావియా కోటలో కూర్చున్నాడు.

1378లో తండ్రి పోయాడు. ఇక మిలాన్‌లో బాబాయి బెర్నబో, పావియాలో మనవాడు. బెర్నబో అంటే మామూలు మనిషి కాదు. వేటకుక్కల పిచ్చి. వేలకొద్దీ కుక్కల్ని జనం ఇళ్లకి పంచి పెంచమనేవాడు, కుక్క చిక్కిపోతే ఆ ఇంటివాడికి శిక్ష. పోప్ వెలివేస్తూ పంపించిన పత్రాన్ని తెచ్చిన దూతలచేతనే తినిపించాడని, తోలు కాగితం, పట్టుదారం, సీసపు ముద్రతో సహా నమిలించాడని కథ చెప్పుకుంటారు. భార్యకి పదిహేనుమందికి పైగా పిల్లలు, బయట పుట్టినవాళ్లు వేరే. కూతుళ్లని ఆస్ట్రియాకి, బవేరియాకి, ఇంకా ఎక్కడెక్కడికో ఇచ్చి సగం యూరప్‌తో వియ్యాలు కలుపుకున్నాడు. ఒక కూతుర్ని మన డ్యూక్‌కే ఇచ్చాడు! 1380లో, కతెరీనా. మన లెక్కలో చెప్పాలంటే బాబాయి కూతురు, అంటే చెల్లెలు వరస. మేనమామ కూతురంటే సరే అంటాం గానీ ఇది వింటేనే మనకి చెవులు మూసుకోవాలనిపిస్తుంది. వాళ్లకీ తప్పే, అందుకే పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. ఆ రకంగా బెర్నబో మనవాడికి బాబాయీ అయ్యాడు, మామగారూ అయ్యాడు.

మామగారి బేరం ఎందుకో తెలుసా? ఆయనకి అంతమంది కొడుకులు, అందరికీ రాజ్యం కావాలి, పక్కనే పావియాలో ఒంటరి అల్లుడు. ఇవాళ కాకపోతే రేపు మింగేస్తాడని అల్లుడికీ తెలుసు. అందుకని ఏం చేశాడంటే, భయపడటం మొదలుపెట్టాడు. అంటే భయపడుతున్నట్టు కనబడటం. చుట్టూ కాపలా పెంచేశాడు, గడప దాటడం తగ్గించేశాడు, పూజలు, ఉపవాసాలు, సన్యాసులతో మాటలు. బెర్నబో కొలువులో ఈయన మీద జోకులేసుకునేవాళ్లట. ఏడేళ్లు ఇలా నడిచింది. ఏడేళ్లంటే తక్కువ కాదండీ, మనం ఏడు నిమిషాలు కోపం దాచుకోలేం.

1385 మే నెల. అల్లుడి దగ్గర్నించి కబురొచ్చింది: వారేజె దగ్గర కొండమీది మేరీ మాత గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నాను, దారిలో మిలాన్ పక్కగా వెళ్తాను, ఊళ్లోకి రాలేను, మామగారు బయటికొచ్చి ఆశీర్వదిస్తే సంతోషం. ఒంటరిగా వెళ్లడానికి భయం కాబట్టి నాలుగైదువందల మంది రౌతులు వెంట ఉంటారు, ఏమనుకోవద్దు. ఏమనుకుంటారు, అందరికీ తెలిసిన పిరికివాడే కదా. మే 6న బెర్నబో కంచరగాడిద మీద ఎక్కి, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఊరి గుమ్మం బయటికి వచ్చాడు. అల్లుడు వంగి దణ్ణం పెట్టాడు, కావలించుకున్నారు. మరుక్షణం రౌతులు చుట్టుముట్టారు, యాకొపో దాల్ వెర్మె అనే సేనాని ముసలాయన్ని పట్టుకున్నాడు, అంతే. ఒక్క చావు లేదు, యుద్ధం లేదు. అరవై రెండేళ్ల పులి గాడిద మీదే పట్టుబడిపోయింది. గోముఖ వ్యాఘ్రం అని మనం అనేస్తాం గానీ ఇక్కడ అసలు పులికి కూడా ఎదుటివాడు వ్యాఘ్రమని తెలియలేదు.

తర్వాత చేసిన పనులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. బెర్నబో భవనాల్ని దోచుకోమని జనానికే వదిలేశాడు. పన్నుల లెక్కల పుస్తకాలు తగలబడ్డాయి, పన్నులు తగ్గిస్తానన్నాడు, మిలాన్ జనం జేజేలు కొట్టారు. ఖజానా మటుకు జాగ్రత్తగా తనే తీసుకున్నాడు, లక్షల బంగారు నాణేలు. బెర్నబోని త్రెత్సో కోటలో పెట్టారు, ఆ డిసెంబరులోనే చచ్చిపోయాడు, విషం పెట్టించారనే అందరూ నమ్మారు. అంతకు ఏడేళ్ల ముందు దౌత్యం మీద మిలాన్ వచ్చి వెళ్లిన చాసర్ అనే ఇంగ్లీషు కవి ఈ చావు మీద ఒక పద్యం కూడా రాశాడు.

దీనికి మించి, యూరప్‌లోని కొలువులకి ఒక నేరాల చిట్టా పంపించాడు: మా మామగారు ఇన్నిన్ని ఘోరాలు చేశాడు కాబట్టే పట్టుకోవాల్సొచ్చింది, పైగా నాకూ నా భార్యకీ పిల్లలు పుట్టకుండా చేతబడి చేయించాడు అని. చేతబడి! ఆ మాట ఎవరి మీద విసిరాడో గానీ తిరిగి తిరిగి ఎవరికి తగిలిందో చెబుతాను.

వలెంతీనా గుర్తుందా? ఆమెని ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్ తమ్ముడు లూయీకిచ్చి 1389లో పెళ్లి చేశాడు. కట్నం నాలుగున్నర లక్షల నాణేలు, పైన అస్తి అనే ఊరు. అయితే ఆ కొలువులో రాణి ఎవరు? బెర్నబో మనవరాలు! బవేరియాకిచ్చిన కూతురి కూతురు ఇజబో, తాతగారు పట్టుబడిన రెండు నెలలకే, 1385 జులైలో, ఫ్రాన్స్ రాణి అయింది. తాతని చంపినవాడి కూతురు తోడికోడలై ఇంటికొచ్చింది. మన టీవీ సీరియళ్లకి కూడా ఇంత రాయడానికి ధైర్యం చాలదు. (నవ్వులు) 1392లో రాజు చార్లెస్‌కి పిచ్చెక్కింది. పిచ్చిలో రాణిని గుర్తుపట్టేవాడు కాదు గానీ మరదలు వలెంతీనాని మాత్రం ప్రేమగా పలకరించేవాడు. ఇంకేముంది, మిలాన్ నించి వచ్చిన ఈవిడే చేతబడి చేసిందని పారిస్ అంతా గుప్పుమంది, 1396లో ఆవిడ పారిస్ వదిలి వెళ్లిపోవాల్సొచ్చింది. నాన్న రాసిన నేరాల చిట్టాలో మాట అదే, వచ్చి పడింది కూతురి నెత్తిన.

సరే, రాజ్యం సంగతికొద్దాం. 1387లో వెరోనా మీద పడ్డాడు. పాదువా ప్రభువు ఫ్రాంచెస్కో కర్రారా అనే పెద్దాయనతో ఒప్పందం: వెరోనా నాకు, విచెంజా నీకు. రెండూ గెలిచారు, రెండూ మన డ్యూకే ఉంచుకున్నాడు. మరుసటి ఏడు వెనిస్‌తో చేతులు కలిపి పాదువానే పట్టుకున్నాడు, ఆ పెద్దాయన మిలాన్ రాజ్యంలో ఖైదీగానే చచ్చిపోయాడు. ఆయన కొడుకు ఫ్రాంచెస్కో నొవెల్లో మాత్రం తప్పించుకుని, గర్భిణి భార్యతో కొండలు సముద్రాలు దాటి, 1390లో రాత్రికి రాత్రి నదిలో నడిచొచ్చి పాదువా మళ్లీ తీసేసుకున్నాడు. మన డ్యూక్ చేతికి చిక్కి మళ్లీ నిలబడ్డవాళ్లు బహుశా ఈయనొక్కడే, నాకు ఆ మనిషంటే ఇష్టం, కానీ ఇవాళ్టి కథ ఆయనది కాదు.

పావియా కోటలో కూర్చుని యుద్ధం చెయ్యడమంటే ఏమిటో చెబితే నమ్మరు. మాంతువా అనే ఊరు ఉంది, మించో నది ఊరి చుట్టూ చెరువుల్లా నిలిచి ఉంటుంది, ఆ నీళ్లే వాళ్లకి కోటగోడ. సైన్యంతో ఆ నీళ్లు దాటడం కష్టం. నీళ్లే లేకుండా చేస్తే? 1393లో ఎగువన వలెజ్జో అనేచోట నదికి అడ్డంగా 650 మీటర్ల పొడవున ఆనకట్ట లాంటి వంతెన కట్టించాడు, నదిని పక్కకి మళ్లించి మాంతువా చెరువుల్ని ఎండగట్టాలని. కట్టిన ఇంజనీరు ఫ్లోరెన్స్ వాడు, అదొక వింత, ఎందుకంటే డ్యూక్‌కి అసలు శత్రువు ఫ్లోరెన్సే. నది మాత్రం మళ్లలేదు, మాంతువా లొంగలేదు. ఆ వంతెన ఇప్పటికీ ఉంది, కింద మించో నది హాయిగా పారుతూనే ఉంది, ఆదివారం జనం అక్కడికి భోజనాలకి వస్తారు.

అందరూ ఫొటోలు తీసుకునే మిలాన్ పెద్ద చర్చి, దువోమో, అదీ ఈయన కాలంలో మొదలైందే, 1386లో. మొదట ఇటుకలతో అనుకున్నారు. డ్యూక్‌కి ఇటుక నచ్చలేదు, ఫ్రాన్సులో, జర్మనీలో ఉన్నలాంటి రాతి గుడి కావాలి. మాజోరె సరస్సు పైన కందోలియా దగ్గర లేత గులాబీ ఛాయ ఉన్న పాలరాయి గని ఉంది. 1387లో ఆ గనిని చర్చికి రాసిచ్చేశాడు, రాయి మీద సుంకం లేకుండా చేశాడు. రాళ్లు పడవల్లో సరస్సు దాటి, తిచీనో నదిలో దిగి, అక్కడ్నించి కాలువలో సరాసరి మిలాన్ నడిబొడ్డుకి వచ్చేవి. సుంకం కట్టక్కర్లేదని తెలియడానికి వాటిమీద ఏ యు ఎఫ్ అని మూడక్షరాలు వేసేవాళ్లు, చర్చి పని కోసం అని లాటిన్‌లో దాని అర్థం. ఇటాలియన్‌లో పుక్కటికి వచ్చిన దాన్ని 'ఆ ఊఫో' అంటారు, ఆ మాట ఇక్కడే పుట్టిందని జనం చెప్పుకుంటారు.

ఆ గుడి కట్టేవాళ్ల మధ్య గొడవలు చదివితే మన దగ్గర అపార్ట్‌మెంటు కమిటీ మీటింగులు గుర్తొస్తాయి. పారిస్ నించి జాన్ మిన్యో అనే శిల్పిని పిలిపించారు, ఆయన వచ్చీ రాగానే మీరు కట్టేది కూలిపోతుందన్నాడు. ఇక్కడి మేస్త్రీలు మా లెక్క మాది, లెక్కల శాస్త్రం వేరు, చేతిపని వేరు అన్నారు. 1400లో ఆయన అన్న మాట ఇప్పటికీ కట్టడాలవాళ్లు చెప్పుకుంటారు: శాస్త్రం లేని పనితనం శూన్యం. చివరికి ఆయన్ని పంపించేశారు. ఆ గుడి కూలిపోలేదు! చివరి తలుపు 1965లో పెట్టారు. మొదలుపెట్టి 579 ఏళ్లు. మన కాంట్రాక్టర్లని ఇక మీదట తిట్టను.

భార్య కతెరీనా 1390లో కాన్పు భయంతో ఒక మఠం కట్టిస్తామని మొక్కుకుంది. అన్నట్టు, మగపిల్లలు నిలవాలని డ్యూక్ కూడా మొక్కుకున్నాడు, పుట్టిన ప్రతి బిడ్డకీ మేరీ మాత పేరు పెడతానని. అందుకే కొడుకులు జొవాన్ని మరియా, ఫిలిప్పో మరియా, ఆఖరికి భార్యకి కాక బయట పుట్టినవాడు కూడా గబ్రియేలె మరియానే. మొక్కు అంటే మొక్కే. ఆ మఠానికి 1396 ఆగస్టు 27న తనే మొదటి రాయి వేశాడు. పావియా బయట చెర్తోజా అంటారు. పావియా కోటలో ఇంకో ముచ్చట, పుస్తకాలు. వేయికి కాస్త తక్కువ చేతిరాత పుస్తకాలున్నట్టు 1426 నాటి జాబితా ఉంది. ఆ కోటలోనే దోంది అనే వైద్యుడు పదహారేళ్లు కష్టపడి 1364లో ముగించిన ఇత్తడి గడియారం ఉండేది, డ్యూకే తెప్పించుకున్నాడు. అది గంటలు చెప్పే గడియారం మాత్రమే కాదు. సూర్యుడు, చంద్రుడు, ఐదు గ్రహాలు, ఒక్కొక్కదానికి ఒక ముఖం, కింద రాహువు ఎక్కడున్నాడో చూపించే ఏర్పాటు కూడా. అంటే మన పంచాంగం మొత్తం చక్రాల్లో తిరుగుతోందన్నమాట! గదిలో కూర్చుని దేశాన్ని తిప్పాలనుకున్న మనిషికి ఆ యంత్రం ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోండి. నాకు ఆయన్ని తలుచుకుంటే ఆ గడియారం ముందు నిలబడ్డట్టే కనిపిస్తాడు.

1395లో డ్యూక్ బిరుదు. ఇన్నాళ్లూ వీళ్లు ఎంత పెద్దవాళ్లయినా కాగితం మీద చక్రవర్తి ప్రతినిధులే. అప్పుడా చక్రవర్తి అధికారం చేతిలో ఉన్న జర్మన్ రాజు వెన్సెస్లాస్‌కి డబ్బు అవసరం, తాగుడు అలవాటు. లక్ష నాణేలకి బేరం కుదిరింది, సెప్టెంబరు 5న సాంత్ అంబ్రోజో గుడి ముందు మైదానంలో వైభవంగా డ్యూక్ టోపీ పెట్టారు. ఇక రాజ్యం వంశపారంపర్యం. పాపం వెన్సెస్లాస్‌ని 1400లో జర్మనీ ప్రభువులు దించేసినప్పుడు మిలాన్‌ని అమ్ముకున్నాడనేది కూడా నేరాల్లో చేర్చారు. కొత్తగా వచ్చిన రూపర్ట్ అనే రాజు ఆ లెక్క తేల్చుకుంటానని 1401లో సైన్యంతో దిగాడు. బ్రెషా దగ్గర డ్యూక్ సేనానులు తరిమికొట్టారు. డ్యూక్ ఆ రోజు కూడా యుద్ధభూమిలో లేడు, చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక ఫ్లోరెన్స్. ఇది వర్తకుల ఊరు, రాజు లేడు, మాది ప్రజల పాలన అని చెప్పుకునేవాళ్లు. అక్కడ కొలుచ్చో సలుతాతి అనే ప్రధాన లేఖకుడు ఉండేవాడు, ఆయన ఉత్తరాలు ఊరూరా తిరిగేవి: చూడండి, నిరంకుశుడు వస్తున్నాడు, పాము మింగేస్తుంది, స్వేచ్ఛ కోసం అందరూ కలవండి. వెయ్యిమంది రౌతులకంటే సలుతాతి ఉత్తరం ఎక్కువ నష్టం చేస్తుందని డ్యూక్ అన్నాడని చెప్పుకుంటారు. కాగితం బలం ఈయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఈయన తరఫున లోస్కి అనే కవి ఎదురు తిట్లు రాశాడు, ఇటలీకి శాంతి కావాలంటే ఒకే రాజు ఉండాలని. 1390 నుంచి యుద్ధం. ఫ్లోరెన్స్ తరఫున సేనాని ఎవరనుకున్నారు, మోంతికియారిలో మనవాణ్ణి కొట్టిన హాక్‌వుడ్డే. పైగా బెర్నబోకి బయట పుట్టిన కూతురు ఆయన భార్య. సంధి, మళ్లీ యుద్ధం, మళ్లీ సంధి. ఆ వివరాలన్నీ చెప్పి మిమ్మల్ని చంపను.

అసలు ఎత్తు ఆ తర్వాత వేశాడు. 1399లో పీసాని డబ్బిచ్చి కొన్నాడు. అవును, ఊరిని, అక్కడి ప్రభువు దగ్గర 2 లక్షలకి. అదే ఏడు సియెనా, ఫ్లోరెన్స్ మీద కోపంతో, తనంతట తనే వచ్చి చేరింది. 1400లో పెరూజా. ఇప్పుడు మ్యాపు ఊహించుకోండి. ఫ్లోరెన్స్ మధ్యలో ఉంది, సముద్రం దారి పీసా చేతిలో, దక్షిణం దారి సియెనా చేతిలో, ఉత్తరాన మిగిలింది బొలోన్యా ఒక్కటి. 1402 జూన్ 26న కజలెక్కియో దగ్గర డ్యూక్ సైన్యం గెలిచింది, బొలోన్యా పడిపోయింది. ఫ్లోరెన్స్ వర్తకులకి సరుకు పోయే దారి లేదు, వచ్చే దారి లేదు. అప్పుడు వెంటనే మీద పడితే ఏమయ్యేదో. పడలేదు. అలవాటైన పనే చేశాడు, వేచిచూశాడు. ఎండుతుంది, రాలుతుంది అనుకున్నాడు.

ఆగస్టులో జ్వరాలు మొదలయ్యాయి, ప్లేగు భయం. డ్యూక్ పావియా వదిలి మెలెన్యానో కోటకి వెళ్లాడు. జ్వరం అక్కడికీ వచ్చింది. ఆ ఏడు వసంతంలో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది, అది తన కోసమే వచ్చిందని అన్నాడంటారు. సెప్టెంబరు 3న పోయాడు. యాభై ఏళ్లు. ఫ్లోరెన్స్‌లో సంబరాలు. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, ఆ ఊరిని కాపాడింది సలుతాతి ఉత్తరాలూ కాదు, ప్రజల పాలనా కాదు, ఒక జ్వరం. అయినా మనం చదివే చరిత్రలో ఎక్కువ భాగం ఫ్లోరెన్స్ వాళ్లు రాసిందే, అందులో స్వేచ్ఛ గెలిచినట్టుంటుంది. ఆ స్వేచ్ఛ నాలుగేళ్లు తిరగకుండా, 1406లో, పీసా ఊరికి తిండి అందకుండా ముట్టడించి పట్టుకుంది. పీసా వాళ్లనడిగితే ఇంకో కథ చెబుతారు. డ్యూక్ మంచివాడని నేననట్లేదు, మామని మింగినవాడు మంచివాడెలా అవుతాడు, కానీ అవతలి పక్క కూడా రుషులు లేరు.

అంత్యక్రియల ఊరేగింపు అక్టోబరు 20న జరిగింది, పద్నాలుగు గంటలు పట్టిందట. ఆ ఊరేగింపు ముగిసేసరికే రాజ్యం చీలడం మొదలైంది. పెద్ద కొడుక్కి పద్నాలుగేళ్లు, రెండోవాడికి పది. సేనానులు జీతానికి పనిచేసినవాళ్లు, జీతం ఇచ్చే చెయ్యి పోయేసరికి ఎవరికి దొరికిన ఊరు వాళ్లు పట్టుకున్నారు. మంతనాల సభలూ న్యాయసభలూ లెక్కల కచేరీలూ అన్నీ పెట్టాడు గానీ, ఎవరిని ఎప్పుడు నమ్మాలి, ఎవరికి ఎంత పడెయ్యాలి అనే అసలు లెక్క ఆయన తలలోనే ఉండిపోయింది. వెరోనా, విచెంజా వెనిస్‌కి పోయాయి, పీసాని గబ్రియేలె అమ్ముకున్నాడు. కతెరీనా, తండ్రిని భర్త మింగితే నోరు విప్పలేకపోయిన మనిషి, 1404లో కొడుకు పాలనలోనే ఖైదులో చచ్చిపోయింది. ఆ కొడుకు జొవాన్ని మరియా మనుషుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పేవాడంటారు. కుక్కల పిచ్చి బెర్నబో రక్తం కదా. 1412లో గుడి దగ్గర పొడిచి చంపారు. రెండోవాడు ఫిలిప్పో మరియా ముప్పై అయిదేళ్లు ఏలి చాలావరకు మళ్లీ కూడగట్టాడు, అతనూ గది దాటనివాడే, 1447లో వారసుడు లేకుండా పోయాడు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలో ఒకరు: మరి ఆ గడియారం ఇప్పుడుందా?)

లేదండీ. చేసినాయన రాసిపెట్టిన వివరాలు మిగిలాయి, వాటిని చూసి ఈ కాలంలో నమూనాలు చేశారు. పుస్తకాలు మటుకు ఫ్రాన్సులో ఉన్నాయి. ఎలా వెళ్లాయంటే, వలెంతీనా పెళ్లి ఒప్పందంలో ఒక మాట రాశారు, మగ సంతానం లేకపోతే హక్కు ఆమె పిల్లలకి వస్తుందని. ఆ కాగితం పట్టుకుని ఆవిడ మనవడు, ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీ, 1499లో మిలాన్ మీదికొచ్చి ఊరు తీసుకున్నాడు, పావియా పుస్తకాలు బళ్లకెత్తించాడు. తాతముత్తాత రాసిన కాగితమే.

(మరొకరు: ఆయన సమాధి ఎక్కడ?)

చెర్తోజాలోనే. బతికుండగా పునాదే చూశాడు, ఎముకల్ని ఎన్నో ఏళ్ల తర్వాత అక్కడికి చేర్చారు, పాలరాతి సమాధి ఇంకా తర్వాత చెక్కారు. నేను వెళ్లాను. స్టేషన్‌లో దిగితే మఠం వెనక గోడ కనిపిస్తుంది, గుమ్మం కోసం ఆ గోడ చుట్టూ ఎండలో నడవాలి. లోపల సన్యాసి ఒకాయన అందర్నీ తిప్పి చూపించారు. అందరూ గుమిగూడింది వేరే సమాధి దగ్గర, వందేళ్ల తర్వాతి డ్యూక్ లుదొవీకోది, ఆయన భార్యది, నిద్రపోతున్నట్టు పడుకున్న జంట బొమ్మలు, ఆవిడ కనురెప్పల వెంట్రుకలు కూడా చెక్కి ఉంటాయి. మన డ్యూక్ దగ్గర నేనూ మా అల్లుడే ఉన్నాం. ఈయనెవరు అన్నాడు అల్లుడు. మామని పట్టించిన అల్లుడు అన్నాను. (నవ్వులు) అబ్బాయి కాస్త దూరం జరిగి నిలబడ్డాడు.